నా ప్రేక్షకులు తొమ్మిదిన్నర తర్వాతే బస్సెక్కుతారు

ఆరు నిమిషాలు. కచ్చితంగా ఆరు నిమిషాల కోసం ఆ డ్రైవరు మా అమ్మమ్మను మెట్టు మీంచి కిందికి దింపాడు. "పెద్దమ్మా, ఇప్పుడు తొమ్మిదీ ఇరవై నాలుగు, మీ పెన్షను పాసు తొమ్మిదిన్నర నుంచి గదా" అని గడియారం చూపించాడు, పైగా నవ్వుతూ, చిన్నపిల్లకి చాక్లెట్ తర్వాత ఇస్తానని బుజ్జగించినట్టు. తలుపు బుస్సుమని మూసుకుంది, బస్సు వెళ్లిపోయింది, లోపల ఎంతమంది ఉన్నారో చూశాను, నలుగురు. నేను టికెట్ కొంటానంటే అమ్మమ్మ వినదు. "పాసు చేతిలో పెట్టుకుని టికెట్ కొనడానికి నాకేమన్నా పిచ్చా" అని బెంచీ తుడుచుకుని కూర్చుంది, ఆకుపచ్చ కోటు నలక్కుండా వెనకనుంచి సర్దుకుని. పెళ్లిళ్లకీ చావులకీ మాత్రమే బయటికొచ్చే కోటు అది, ఇవాళ నా రెండు నిమిషాల సినిమా కోసం వచ్చింది. నలభై ఒక్క ఏళ్లు తెల్లవారకముందే ఇదే స్టాపులో నిలబడి చేపల రేవుకి పోయిన మనిషిని అప్పుడు ఏ డ్రైవరూ టైం అడగలేదు. ఇప్పుడు పొద్దుటి పూట పనికి పోయేవాళ్లదట, ముసలివాళ్లు తొమ్మిదిన్నర దాకా ఇంట్లో కూర్చోవాలట. ఈ రేవుపట్నం గ్రిమ్స్‌బీలో ఆ పని ఎక్కడుందో ఆ రూలు రాసినవాణ్ణే వచ్చి చూపించమనాలి. నాకు ఒళ్లు మండిపోతోంది. మండుతున్నది డ్రైవరు మీద కాదని నాకు తెలుసు, కానీ ఎదురుగా దొరికినవాడు వాడే గనక కాసేపు వాడి మీదే మండనీ అనుకున్నాను.

సంచీ నా ఒళ్లో ఉంది. అందులో రెండు కాగితాలు. పదిన్నరలోగా వాటిలో ఒకదాన్ని కాలేజీలో సినిమాలు వేసే గది తలుపు పక్కన, బోర్డు మీద గుచ్చాలి, పదకొండింటికి ఇళ్లల్లోవాళ్లంతా వచ్చి ముందు ఆ కాగితాలు చదువుతారు, తర్వాత లోపలికి పోతారు. మీడియా క్లాసులో పదమూడు మందిమి, తలా ఒక నువార్ సినిమాకి మొదటి రెండు నిమిషాలు తీశాం. నువార్ అంటే పాత నలుపు తెలుపు నేరాల సినిమా, వంచిన టోపీలు, తడిసిన వీధులు, పొగ, అబద్ధాలాడే మగవాళ్లు, వాళ్లకన్నా బాగా ఆడే ఆడవాళ్లు. తీస్తే చాలదు, అది ఎవరికోసం తీశామో రాయాలి. పైన లావుగా 'టార్గెట్ ఆడియన్స్' అని ఉంటుంది, కింద గళ్లు, వయసు, ఆడా మగా, ఊరా నగరమా, ఆ తర్వాత ఆ దిక్కుమాలిన అక్షరాల వరస. ఏ, బి, సి ఒకటి, సి రెండు, డి, ఇ. మన ప్రేక్షకుడిది ఏ అక్షరమో దాని చుట్టూ సున్నా చుట్టాలి. ఈ దేశంలో మనిషి మనిషికీ ఒక అక్షరం ఉందని నాకు పదిహేడేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. ఏ అంటే పెద్ద డాక్టర్లు, జడ్జీలు. బి అంటే మేనేజర్లు, మేష్టర్లు. సి ఒకటి అంటే ఆఫీసు బల్లల దగ్గర కూర్చునేవాళ్లు. సి రెండు అంటే చేతిపని నేర్చినవాళ్లు, వడ్రంగులూ కరెంటు పనివాళ్లూ. డి అంటే వాళ్ల పనికి నేర్పేమీ అక్కర్లేదని ఎవడో బల్ల దగ్గర కూర్చుని అనుకున్నవాళ్లు. ఇ అంటే ఇక మిగిలినవాళ్లు, పని లేనివాళ్లు, సర్కారు పెన్షను తప్ప మరో ఆధారం లేని ముసలివాళ్లు. అంతకుముందు ఏం చేశారన్నది లెక్కలోకి రాదు. నలభై ఒక్క ఏళ్లు కత్తి పట్టినా అంతే, ఆర్నెల్లు పట్టినా అంతే, ఆఖరిరోజు రబ్బరు ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి గుమ్మం దాటేసరికి ఇ అయిపోతారు.

ఒక సీగల్ పిట్ట వచ్చి చెత్తడబ్బా మీద వాలి నావంక దొంగచూపు చూస్తోంది. "పిప్పరమెంటు తింటావా" అని అమ్మమ్మ అడిగింది. వద్దన్నాను. "తిను, మొహం అలా పెట్టుకుని సినిమాకి పోతే వేసేవాడు మానేస్తాడు" అంది. నోట్లో వేసుకున్నాను. మా మీడియా క్లాసు హెప్‌వర్త్ సార్ కూడా పిప్పరమెంట్లే చప్పరిస్తాడు, సిగరెట్ వాసన పోవడానికి. చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని. శనాదివారాలు కెమెరా ఇంటికి తీసుకుపోనిచ్చాడు, దీపాలు ఇచ్చాడు, ఎవరికీ ఇవ్వని దీపాలు. అలాంటివాడు గురువారం నా మొదటి కాగితాన్ని క్లాసులో పైకి చదివాడు. అరవై అయిదు దాటిన ఆడవాళ్లు, చేపల షెడ్డుల్లో పనిచేసి మానేసినవాళ్లు, మధ్యాహ్నం కర్టెన్లు వేసుకుని టీవీలో పాత సినిమాలు చూసేవాళ్లు, ఇ. వెక్కిరింపుగా ఏం చదవలేదు, మామూలుగానే చదివాడు. అయినా 'ఇ' అనేసరికి వెనకబల్ల మీంచి ఎవడో "రెండో భాగం వచ్చేదాకా బతికుంటారా సార్" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. ఇమోజెన్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది, వాళ్ల నాన్న డాక్టరు, తనదీ వెనకబల్లవాళ్లదీ కార్లు పెట్టే మేడలో తీసిన సినిమాలే, నాన్నల కోట్లు వేసుకుని సిమెంటు స్తంభాల మధ్య అటూ ఇటూ తిరగడం, ప్రతి ఏడూ ప్రతి క్లాసూ ఆ మేడలోనే తీస్తుంది, దానికి కాపలావాడే మా ఊరి నువార్ సినిమాలన్నిట్లోకీ ఎక్కువసార్లు కనపడ్డ నటుడు. సార్ మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి గోల ఆపి, "చూడు టీగన్, వాళ్లు చూస్తారేమోగానీ వాళ్లని మార్కెట్ అనరు, వాళ్లకోసం ఎవరూ సినిమా తియ్యరు. పరీక్షకుడు చూసేది లాజిక్కు. ఇరవై అయిదు నుంచి నలభై నాలుగు, ఏ బి సి ఒకటి, నగరం. అలా రాసి మార్కులు తెచ్చుకో తల్లీ" అన్నాడు. కాగితం మీద ఇ మీద ఎర్రసిరాతో అడ్డగీత గీశాడు. అది కాదు నన్ను కాలుస్తున్నది. అందరూ నవ్వుతున్నప్పుడు నేనూ నవ్వాను. పళ్లు కనపడేలా, 'అవును కదా, నాకూ తెలుసు, సరదాకి రాశాను' అన్నట్టు. నా నవ్వు నాకే వినపడింది. అది ఇప్పటికీ వినపడుతూనే ఉంది, చెవిలో జోరీగలాగా.

అమ్మమ్మ పేరు మౌరీన్. ఆమె చేతి బొటనవేలి దగ్గర ఒక తెల్లటి గీత ఉంటుంది, హాడక్ చేప ఎముక దిగి కుట్లు పడిన గీత. ఆ చేతులు చల్లగా ఉంటాయి ఎప్పుడూ, ఐసునీళ్లలో ఉండి ఉండి ఇక వేడెక్కడం మానేశాయని అంటుంది. నేను ఆరేళ్లపిల్లగా ఉన్నప్పుడు అమ్మ ముసలివాళ్ల కేర్ హోములో రెండో షిఫ్టు చేసేది, బడి నుంచి అమ్మమ్మ ఇంటికి పోయేదాన్ని. పట్టపగలు కర్టెన్లన్నీ వేసి ఉండేవి. తెల్లవారుజాము పనికి లేచే మనిషికి మధ్యాహ్నమే రాత్రి గదా. కానీ పడుకునేది కాదు, కాళ్లు బేసిన్‌లో పెట్టుకుని టీవీలో నలుపు తెలుపు సినిమా చూసేది, పక్కన టీ, టీలో ముంచిన బిస్కెట్టు విరిగి కప్పులో పడితే ఆ బిస్కెట్టునీ సినిమాలోని మగవాణ్ణీ కలిపి తిట్టేది. "వీడు అబద్ధం చెప్తున్నాడు" అనేది. ఎలా తెలుసంటే "మొహం చూడకు పిల్లా, మొహానికి జీతం ఇస్తారు అబద్ధం ఆడమని. చేతులు చూడు" అనేది. చూసేదాన్ని. సిగరెట్ వెలిగించాల్సిన చెయ్యి అగ్గిపుల్ల పట్టుకుని ఒక్క క్షణం ఆగేది, గ్లాసు పట్టుకోబోయే వేళ్లు దాని పక్కన బల్లని పట్టుకునేవి. పావుగంట తర్వాత వాడే హంతకుడని తేలేది. షెడ్డులో మేస్త్రీ వచ్చి "ఈ వారం ఎవరినీ తీసెయ్యం" అని చెప్పినప్పుడు కూడా ఆడవాళ్లందరూ వాడి చేతులే చూసేవాళ్లట. జేబులో పెట్టుకున్నాడంటే శుక్రవారానికి ఇద్దరు ఇంటికి. సినిమాలు చూసి షెడ్డులో నేర్చుకున్నారో, షెడ్డులో నేర్చుకుని సినిమాలు చూశారో నాకు తెలియదు. సార్ మాకు ఆ సినిమాల గురించి ఆరు వారాలు పాఠం చెప్పాడు, నీడలు, కిటికీ పలకల చారలు, విధి, మోసం, బోర్డు మీద బాణం గుర్తులు. నాకు అందులో ఒక్కటీ కొత్త కాలేదు, ఆ మాట ఆయనతో అనలేదు.

అందుకే నేను కార్ల మేడకి పోలేదు, అమ్మమ్మ వంటింట్లో తీశాను. మిట్టమధ్యాహ్నం, కిటికీకి అట్టముక్కలు కోసి చారలుగా అంటించి, సార్ ఇచ్చిన దీపం బయటినుంచి కొట్టి. రెండు నిమిషాల్లో మొహాలే లేవు. ఒక ఆడమనిషి చేతులు, అమ్మమ్మ చేతులు, చేపని కోస్తుంటాయి, కత్తి వెన్నెముక పక్కనుంచి వెన్నలోకి పోయినట్టు పోతుంటుంది. గుమ్మంలోంచి మగగొంతు వినపడుతుంది, పక్కింటి కార్ల్‌ది. "మీ తమ్ముడు నిన్న పడవెక్కాడు, నేనే చూశాను, బాగానే ఉన్నాడు" అంటాడు. కత్తి ఆగుతుంది. ఒక్క క్షణం. మళ్లీ కదులుతుంది. "టీ తాగుతావా" అని అడుగుతుంది ఆ మనిషి. అంతే, తెర నల్లబడుతుంది. ఎక్కడ ఆగాలో నేను చెప్పలేదు, అమ్మమ్మే చెప్పింది, "బాగానే ఉన్నాడు అన్నప్పుడు ఆపుతా, అడక్కుండానే బాగున్నాడని చెప్పాడంటే బాగాలేడన్నమాట." సార్ చూసి మెచ్చుకున్నాడు, వెలుతురు బాగుందన్నాడు, కానీ "కత్తి ఎందుకు ఆగింది? ప్రేక్షకుడికి అర్థం కావాలి గదా, ఒకసారి మొహం చూపించు" అన్నాడు. ఇమోజెన్ అయితే వీడియో ఇరుక్కుపోయిందేమో అనుకుంది.

బుధవారాల్లో చర్చి హాల్లో పెద్దవాళ్లకి మధ్యాహ్నం భోజనం పెడతారు, ఖీమా, ఉడికించిన బంగాళాదుంపలు, కస్టర్డ్. ప్రేక్షకుల సర్వే చెయ్యాలంటే అందరూ ఫోన్లలో తోటి పిల్లల్నే అడుగుతారు, నేను లాప్‌టాప్ పట్టుకుని అక్కడికి పోయాను. ఇరవై తొమ్మిదిమంది. కస్టర్డ్ చెంచాలు పట్టుకునే చూశారు. కత్తి ఆగింది. ఆగిందో లేదో బల్ల చుట్టూ ఒకటే శబ్దం, నోరు మూసుకునే 'ఊఁ' అన్నట్టు, పెద్దగా కూడా కాదు. అమ్మమ్మ స్నేహితురాలు ఐరిస్ ఆంటీ మాత్రం చెంచా కింద పెట్టి, "వాడే చంపాడే" అంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. సినిమా అంటే ఇదే గదా, ఇంకేం కావాలి, ముంజేతి కంకణానికి అద్దమెందుకు. తర్వాత కాగితాలు పంచాను. 'వృత్తి' అన్నచోట 'రిటైర్డ్' అన్న గడిలో టిక్కు పెట్టాలి, అదే నిబంధన. ఐరిస్ ఆంటీ ఆ గడి కొట్టేసి పక్కన పెద్దగా రాసింది, 'నేను రిటైర్డ్ కాదు. నేను వలలు అల్లేదాన్ని. ఇంట్లోనే, తలుపుకి మేకు కొట్టి, ఇద్దరు పిల్లల్ని కాళ్లకింద పెట్టుకుని అల్లాను. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు గనక అల్లడం లేదు.' మిగిలినవాళ్లు అది చూసి తామూ గడులు కొట్టేశారు. చేపలు కోసేదాన్ని, పొగబెట్టేదాన్ని, పెట్టెలకి మేకులు కొట్టేదాన్ని. నిబంధన ప్రకారం ఆ కాగితాలన్నీ చెల్లవు. నిబంధన ప్రకారం వాళ్లంతా ఇ.

తప్పు నేను చేసింది ఆ సాయంత్రమే. ఇంటికొస్తూ అమ్మమ్మ అడిగింది, "ఆ అక్షరాల్లో నేనే అక్షరమే?" నేను తడుముకోలేదు, "సి రెండు అమ్మమ్మా, చేతిపని నేర్చినవాళ్లు" అన్నాను. ఆమె మొహం ఎలా అయిందంటే, ఏం చెప్పను, ఏదో పరీక్ష రాసి మర్చిపోయిన పిల్లకి ఫస్టుక్లాసు వచ్చిందని చెప్పినట్టు. "సి రెండా" అంది. నాలుగడుగులు వేసి మళ్లీ "సి రెండు" అంది. మరుసటి బుధవారానికి చర్చి హాలంతా చెప్పేసింది, మనమంతా సి రెండు అని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఇప్పుడు సంచీలో రెండు కాగితాలు. ఒకటి సార్ చెప్పినట్టు రాసిన కొత్తది, అది గుచ్చితే అమ్మమ్మ ఆకుపచ్చ కోటు వేసుకుని బోర్డు ముందు నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, ఈ సినిమా లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే ముప్ఫయ్యేళ్లవాడి కోసమని చదువుకుంటుంది. రెండోది పాతది, ఎర్రగీతతో, అది గుచ్చితే తను ఇ అని చదువుకుంటుంది, మార్కులు పోతాయి, మార్కులు పోతే షెఫీల్డ్‌లో ఫిల్ముల చదువు పోతుంది, పోయాక నేనూ ఏదో ఒక అక్షరాన్నవుతాను. ఆమె చదవకుండా ఉండదు, బిస్కెట్టు పొట్లం వెనకాల కూడా చదువుతుంది. మింగలేను, కక్కలేను. సి రెండుకి సున్నా చుడదామా అంటే అది మూడో అబద్ధం.

తొమ్మిదీ నలభై నాలుగు బస్సు వచ్చింది. ఈ డ్రైవరు పాసు వంక చూడను కూడా చూడలేదు, దానికీ నాకు కోపం వచ్చింది. చూడనివాడి చేతిలోనూ చూసేవాడి చేతిలోనూ ఒకే రూలు ఉన్నప్పుడు దాన్ని ఎవడి మొహాన కొట్టాలి? రెండంతస్తుల బస్సు, కిందనే కూర్చున్నాం, అమ్మమ్మ కిటికీ పక్కన. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెళ్లిపోయింది, చేపల నూనె వాసన ఒక్క నిమిషం పాటు బస్సంతా నిండిపోయింది. మార్కెట్ స్టాపులో బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. ఐరిస్ ఆంటీ ఎక్కుతోంది, వెనక ఇంకో అయిదుగురు, అందరూ చర్చి హాలు వాళ్లే, అందరి పెదాలకీ రంగు, ఒకావిడకి పువ్వుల టోపీ. "చెప్పలేదు గదూ" అంది అమ్మమ్మ, నావంక చూడకుండా, మురిసిపోతూ. "నీకోసం అందర్నీ రమ్మన్నా."

"మౌరీన్, ఆ కోటు ఇంకా పడుతోందే నీకు!" అంది ఐరిస్ ఆంటీ.

"గుండీలు పట్టవు. విప్పుకునే కూర్చుంటాలే."

"ఏమ్మా టీగన్, ఇవాళ మాకు ఎర్ర తివాచీ వేస్తున్నారా? బోర్డు మీద మా గురించి రాశావంటగా. చూపించు."

"అక్కడికెళ్లాక చూద్దురుగాని ఆంటీ."

"అక్కడ జనంలో నాకు కళ్లజోడు కుదరదు. ఇప్పుడే చూపించు."

నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలియలేదు. అమ్మమ్మ చూస్తోంది. నా చెయ్యి సంచీ మీద లేదు, నా కోటు పై గుండీని పట్టుకుని ఉంది, తిప్పుతోంది. అమ్మమ్మ నా ఒళ్లోంచి సంచీ తీసుకుంది, తెరిచింది, తెల్లటి చల్లటి వేళ్లతో ఒక కాగితం బయటికి తీసింది. కొత్తది. కళ్లజోడు పెట్టుకుంది. బస్సు ఎర్రదీపం దగ్గర ఆగి ఉంది గనక ఆమె గొంతు అందరికీ వినపడింది. "ఇరవై అయిదు నుంచి నలభై నాలుగు. ఏ, బి, సి ఒకటి. పెద్ద నగరాల్లో ఉండేవారు. విదేశీ సినిమాలు, వైను, మంచి కాఫీ ఇష్టపడేవారు." ఆగింది. మళ్లీ మొదటినుంచి చూసింది, ఎక్కడన్నా తను కనపడుతుందేమోనని చూసినట్టు. పువ్వుల టోపీ ఆవిడ టోపీ సర్దుకుంది.

"ఇది ఎవరి సినిమాకి?" అంది ఐరిస్ ఆంటీ.

"దీని సినిమాకే" అంది అమ్మమ్మ. "అయితే మనం ఎక్కడికి పోతున్నట్టు?"

దీపం పచ్చబడింది, బస్సు కదిలింది. నేను చెప్పేశాను. ఎవరూ ఆపలేదు గనక మొత్తం చెప్పేశాను, ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకోకుండా, ఇంకో కాగితం కూడా ఉందని, అందులో నిజం ఉందని, నిజం ఏమిటంటే మీరు సి రెండు కాదని, ఇ అని, ఇ అంటే ఏమిటో, అది రాసినవాళ్లకి మీరు ఎన్నేళ్లు పనిచేశారో అక్కర్లేదని, సార్ దాని మీద ఎర్రగీత గీశాడని, క్లాసు నవ్విందని, ఎవడో రెండో భాగం దాకా బతికుంటారా అన్నాడని. అక్కడ ఆగిపోవచ్చు. ఆగితే బాగానే ఉండేది, తప్పంతా వాళ్లదయ్యేది. "నేనూ నవ్వాను అమ్మమ్మా" అన్నాను. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది, గొంతు పెద్దదైంది, డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "వాళ్లతోపాటు నేనూ నవ్వాను."

అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక స్టాపు పోయింది. బడి పోయింది, టైర్ల కొట్టు పోయింది. ఇంకో స్టాపు. ఆమె మెడ మీద ఎర్రగా మచ్చలు లేచాయి, ఆమెకి కోపం వస్తే అంతే, మొహానికి రాదు, మెడకి వస్తుంది. తిడితే బాగుండును. చర్చి హాల్లో అందరికీ సి రెండని చెప్పించాను ఆమె చేత, ఆ అందరూ ఇప్పుడు ఇదే బస్సులో పెదాలకి రంగేసుకుని కూర్చున్నారు. దిగిపోతుందేమో, బెల్లు నొక్కుతుందేమో, అందర్నీ తీసుకుని వెనక్కి పోతుందేమో, పోతే నేను ఆపలేను, ఆపడానికి నాకు ఏం మొహం ఉంది.

"మౌరీన్" అంది ఐరిస్ ఆంటీ, "సి రెండని నువ్వేగా చెప్పావు. నేను మా కోడలికి ఫోన్ చేసి మరీ చెప్పాను."

"అబద్ధమని తెలిసే చెప్పా" అంది అమ్మమ్మ. "అప్పుడూ ఇది ఆ గుండీనే పట్టుకుంది. నేను చూశా. వినడానికి బాగుంది, అందుకని చెప్పా. ఒక వారం రోజులు బాగుంది." అప్పుడు నావైపు తిరిగింది. "ఆ నవ్వు సంగతి ఇంటికెళ్లాక మాట్లాడతా నీతో. నేనది మర్చిపోను. కానీ ఒకటి చెప్పు. వెధవ అక్షరం కోసం క్లాసులో నన్ను దాస్తావు, ఈ కాగితంలో నన్ను దాస్తావు, దాచిపెట్టడానికి నేనేమన్నా శవాన్నటే?"

ఐరిస్ ఆంటీకి నవ్వు ఆగలేదు, ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత పువ్వుల టోపీ ఆవిడకి, తర్వాత బస్సు కిందభాగం అంతా. "శవమైతే మంచు కావాలే, ఫ్యాక్టరీ మూసేశారుగా" అని ఎవరో అన్నారు. అమ్మమ్మ నవ్వలేదు. రెండో కాగితం కూడా తనే బయటికి తీసి నా ఒళ్లో పడేసింది, పెన్ను కూడా. సార్ గీసిన ఎర్రగీత ఉంది దాని మీద. ఆ గీత మీదుగానే ఇ చుట్టూ నల్లగా సున్నా చుట్టాను, బస్సు ఊగుతుంటే వంకరపోయింది, మళ్లీ చుట్టాను, కాగితం కాస్త చిరిగింది. కింద 'కారణం' అని అయిదు గీతలు ఇచ్చారు. సార్ కోసం రాసిన కాగితంలో ఆ అయిదు గీతలూ నింపి పక్కకి కూడా పోయాను, జీవనశైలి, కొనుగోలు శక్తి, ఏవేవో. దీంట్లో ఒక్క వరసే రాశాను. 'కత్తి ఎందుకు ఆగిందో వీళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.' మార్కులు ఎన్ని పోతాయో ఆలోచించాను. ఆలోచించలేదంటే అది ఇంకో అబద్ధం. పోతే పోయాయి అనుకోలేదు కూడా, పోతే గొడవ చేస్తాను అనుకున్నాను, సార్‌తో, పరీక్షకుడితో, ఆ అక్షరాలు కనిపెట్టినవాడు బతికుంటే వాడితో.

కాలేజీ గుమ్మం దగ్గరికి చేరేసరికి పదీ ఇరవై అయిదు. వరండాలో కుర్రాళ్లు నాన్నల టోపీలు పెట్టుకుని నిలబడ్డారు, ఇమోజెన్ వాళ్ల అమ్మకి కాఫీ పోస్తోంది. నేను తిన్నగా బోర్డు దగ్గరికి పోయి కాగితం గుచ్చాను, నాలుగు మూలలకీ నాలుగు పిన్నులు. హెప్‌వర్త్ సార్ నా భుజం మీంచి వంగి చదివాడు. పిప్పరమెంటు వాసన. నా పేరు పిలవబోయి ఆగాడు, ఎందుకంటే నా వెనక ఏడుగురు ఆడవాళ్లు వరసగా వచ్చి నిలబడ్డారు, కోట్లు, సంచులు, ఒక చేతికర్ర, పువ్వుల టోపీ. ఆయన చెయ్యి పెన్ను తీయడానికి జేబులోకి పోయింది, ఇక బయటికి రాలేదు. అమ్మమ్మ ఆ చెయ్యి వంకే చూసింది.

"ఇంటికి ఒకరో ఇద్దరో అనుకున్నామండీ" అన్నాడు సార్. "కుర్చీలు కూడా…"

"మేం ఇ గ్రూపు బాబూ" అంది అమ్మమ్మ, వరండా అంతా వినపడేలా. "ఇది మా సినిమా అని ఇక్కడ రాసుంది. మా కుర్చీలెక్కడ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు. ఎవరు నవ్వారో చూద్దామని వెనక్కి తిరిగాను.